నొక్కితే పలకదు

దేవ్ ఉఠనీ ఏకాదశి దాటిందంటే వైశాలిలో రాత్రి పదకొండు దాకా నిద్ర మాట మరిచిపోవాల్సిందే. మన ప్రబోధినీ ఏకాదశే అది. నాలుగు నెలల నిద్ర చాలించి విష్ణుమూర్తి లేస్తాడు. ఆయన లేచాడో లేదో ఘాజియాబాద్ జిల్లా పెళ్లికొడుకులు వరసపెట్టి గుర్రాలెక్కుతారు. మెట్రో స్తంభాల పక్కన బారాత్ ఆగిపోయి, వెనక కార్లు హారన్లు మోగిస్తుంటే, జనం చూసేది గుర్రాన్ని, గాల్లో నోట్లు తిప్పే పెళ్లికొడుకు బాబాయిల్ని, భుజాలమీద దీపాలు మోసుకుంటూ నడిచేవాళ్లని. నేను మాత్రం నాలుగేళ్లుగా ట్రంపెట్ ఊదే మనిషి మూతి చూస్తున్నాను. "పెళ్లికి పోయి బ్యాండువాడి మూతి చూసొచ్చే మనిషిని లోకంలో మిమ్మల్నే చూశాను" అంటుంది మా ఆవిడ.

ఆ మనిషికి యాభై దాటి ఉంటాయి. మీరట్ దగ్గర పల్లె. తోటివాళ్లంతా మాస్టర్‌జీ అంటారు, నేనూ అదే అంటాను. ఆయన ఊదే ట్రంపెట్ కూడా మీరట్‌దే, జలీ కోఠీ బజారుది. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీతో పేరుకెక్కి, ఉత్తరాది పెళ్లి బ్యాండ్లకు ఇత్తడి వాద్యాలు పంపే చోటు అది. వాద్యం సంగతి అలా ఉంచండి. నన్ను కట్టిపడేసింది ఆయన ముఖం. బారాత్ మొదలై రెండు గంటలు దాటితే తక్కినవాళ్ల మెడనరాలు ఉబ్బుతాయి, ముఖాలు ఎర్రబడతాయి, బుగ్గలు బెలూన్లవుతాయి, శ్రుతి మెల్లగా కిందికి జారుతుంది. ఈయన బుగ్గలు చదునుగా ఉంటాయి. గడ్డం కింద ముడత పడదు. మూతి రెండు కొసల్లో మాత్రం వేలితో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలు. పాట పై స్వరానికి ఎక్కుతుంటే ఆ గుంటలు ఒక్క పిసరు లోతవుతాయి. అంతే. ఇంకేం కదలదు. స్వరం మాత్రం మూడో అంతస్తులో ఉన్న మా బాల్కనీకి నిండుగా వచ్చి తగులుతుంది.

పెదవుల ఈ అమరికని ఫ్రెంచివాళ్లు ఆంబుషూర్ అంటారు. నోరు అనే మాటనుంచి పుట్టింది. నది సముద్రంలో కలిసే చోటుకీ వాళ్లది ఇదే మాట. మనం నదికి ముఖద్వారం అనమూ, అలాగే. నేను మాత్రం మూతికట్టు అనుకుంటాను. పాగా కట్టు, పంచె కట్టు లాంటిదే ఇదీ. బిగువు ఎక్కడ ఉండాలో, వదులు ఎక్కడ ఉండాలో తెలియడమే అందులో విద్య అంతా.

అసలు ట్రంపెట్ దుకాణంలో కొన్నప్పుడు అందులో మోగే భాగం ఉండదు. వీణకి తీగ ఉంది, మృదంగానికి తోలు ఉంది, నాదస్వరానికి పీక ఉంది. ట్రంపెట్ పెట్టె తెరిస్తే దాదాపు ఒకటిన్నర మీటరు పొడవున్న ఇత్తడి గొట్టం మడతలు పెట్టి, మూడు పిస్టన్లు బిగించి, ఒక చివర చిన్న గిన్నెలాంటి మౌత్‌పీస్ తగిలించి కనబడుతుంది. మోగేది మన పెదవి. మన మాంసమే దానికి తీగ. ఆ మాటకొస్తే మన శంఖం ఇదే జాతి, కోయవాళ్ల కొమ్ము ఇదే జాతి. గుళ్లో శంఖం పూరించే పూజారికి తెలియకుండానే ఆంబుషూర్ ఉంటుంది. ఊదడం రానివాడు బుగ్గలు నింపి ఎంత ఊదినా శంఖంలోంచి గాలే వస్తుంది, ధ్వని రాదు.

ఆ మూడు పిస్టన్లలో ఒక్కటీ నొక్కకుండా, పెదవుల్ని మార్చి మాత్రమే, ట్రంపెట్ మీద స, ప, పై స, గ, ప, ఆ పై స పలుకుతాయి. సైన్యంలో వాడే బిగిల్‌కి పిస్టన్లే ఉండవు. పొద్దున్నే జవాన్లను లేపేదీ, అమరుడికి చివరి వందనంగా లాస్ట్ పోస్ట్ వినిపించేదీ ఈ నాలుగైదు మెట్లే. మధ్యలో ఖాళీలు పూరించడానికే పిస్టన్లు. ఇందులో తిరకాసు ఏమిటంటే, కింద మెట్లు దూరదూరంగా ఉంటాయి. స నుంచి ప కి ఒక పెద్ద అంగ. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. మూడో స దాటాక స, రి, గ పక్కపక్కనే, భుజాలు రాసుకుంటూ నిలబడతాయి. అక్కడ వేళ్లకి పని తగ్గిపోతుంది, ఏ పిస్టన్ నొక్కినా పక్క స్వరం కాచుకుని ఉంటుంది. పెదవి వెంట్రుకవాసి తప్పితే స్వరం తప్పుతుంది. పై స్థాయిలో వాయించేవాడు దాదాపు పాడుతున్నట్టే లెక్క, ముందు చెవిలో స్వరం వినబడాలి, తర్వాతే పెదవి దాన్ని పట్టుకోవాలి.

లెక్క చెప్తే ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్‌లో కింది స పలకాలంటే పెదవులు సెకనుకు 233 సార్లు కొట్టుకోవాలి. దాని పై స కి 466. ఆ పైదానికి 932. ఆర్కెస్ట్రాల్లో కూర్చునే మంచి వాద్యకారుడు కూడా ఈ 932 దగ్గర కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. దాని పైన ఇంకో స ఉంది, 1865. అక్కడికి చేరిన వాళ్లు కొద్దిమంది. అక్కడ కాపురం పెట్టినవాణ్ణి గురించి కాసేపట్లో చెప్తాను.

పెదవి అంత వేగంగా కొట్టుకోవాలంటే ఏం చేయాలి? తెలియనివాళ్లెవరికైనా తట్టేది ఒకటే. ట్రంపెట్‌ని ముఖానికేసి అదమడం. అది పని చేస్తుంది కూడా, అదే దానితో వచ్చిన చిక్కు. మౌత్‌పీస్ అంచు పెదవిని పళ్లకేసి నొక్కితే మధ్యలో మిగిలిన పెదవి ముక్క చిన్నదై, గట్టిపడి పైస్వరం పలుకుతుంది. పది నిమిషాలు. ఆ తర్వాత రక్తం ఆడక పెదవి మొద్దుబారుతుంది. స్వరం సన్నగిల్లి, చీమిడి ముక్కు మాటలా వినబడి, చివరికి మాయమవుతుంది. నేను నలభై రెండో ఏట ట్రంపెట్ కొనుక్కుని రెండు నెలలు చేసిన సాధన అంతా ఇదే. ఫ్లాట్‌లో ఊదితే పక్కవాళ్లు ఊరుకోరని బేస్‌మెంట్ పార్కింగ్‌లో కారు అద్దాలు బిగించుకుని కూర్చుని ఊదేవాణ్ణి. పొద్దున్నే పెదవి మీద గుండ్రటి ముద్రతో ఆఫీసుకి వెళ్తే ఏదన్నా కుట్టిందా అని అడిగేవారు.

చివరికి మాస్టర్‌జీ దగ్గరికే వెళ్లాను. నా మూతి చూసి ఆయన ఏమీ అనలేదు. ట్రంపెట్ తీసుకుని, నా కుడి అరచెయ్యి చాపించి, దాని మీద అడ్డంగా పెట్టాడు. వేళ్లు ముడవొద్దన్నాడు. పట్టుకోవద్దు, అరచేతిలో ప్రసాదంలా ఉండనియ్యి, ఊదు. పట్టు లేకపోతే ముఖానికేసి లాక్కోవడం కుదరదు. ఎంత నొక్కుదామన్నా ట్రంపెట్ ముందుకు జారిపోతుంది. బుస్సుమని గాలి వచ్చింది. రెండు నెలలుగా నేను గర్వపడుతున్న పైస్వరాలన్నీ ఒక్కసారిగా పోయాయి. మిగిలింది కింది స ఒక్కటే, అదీ వణుకుతూ. "హాథ్ సే నహీ, ఫూంక్ సే" అన్నాడాయన. చేత్తో కాదు, ఊపిరితో. పదిహేను రోజులపాటు ఇంతకుమించి ఏమీ చెప్పలేదు.

తర్వాత ఒక సాయంత్రం, బారాత్ బయలుదేరేలోగా పార్కు అరుగు మీద కూర్చుని మౌత్‌పీస్ ఒక్కటే చేతికిచ్చాడు. 'మ్' అని ఆగమన్నాడు. మనకైతే 'అమ్మ' చాలు. అమ్మ అనేటప్పుడు మధ్యలో రెండు పెదవులూ కలిసే తీరు చూడండి. నొక్కుకోవు, ముడుచుకోవు, ఊరికే ఆనుకుంటాయి. వెనక పళ్లు మాత్రం కాస్త ఎడంగా ఉండాలి, కింది దవడ ఒక పిసరు ముందుకు వచ్చి పై పళ్లకి సూటిగా నిలవాలి. మూతి కొసలు మాత్రం బిగువు. ఆ బిగువు చూస్తే నాకు చీర ఉయ్యాల గుర్తొస్తుంది. దూలానికి కట్టిన ముళ్లు గట్టిగా ఉంటేనే మధ్యలో గుడ్డ వదులుగా, బిడ్డ హాయిగా. ముళ్లు వదులైతే బిడ్డ కింద పడుతుంది, గుడ్డ బిగదీస్తే ఉయ్యాలే ఊగదు.

ఇందులో రెండు తప్పుదారులున్నాయి. ఒకటి నవ్వు. పెదవుల్ని చెవులదాకా సాగదీస్తే తీగ లాగినట్టు పైస్వరం సులువుగా వచ్చేస్తుంది, కానీ పల్చబడ్డ పెదవి పల్చటి నాదమే ఇస్తుంది, తొందరగా అలుస్తుంది. రెండోది పిల్లలు అలిగి మూతి ముడిచినట్టు ముందుకు తోయడం. నాదం ముద్దగా, బరువుగా వస్తుంది, పైకి మాత్రం ఎక్కదు. షికాగో సింఫనీలో హార్న్ వాయించిన ఫిలిప్ ఫార్కస్ 1962లో రాసిన పుస్తకంలో ఈ రెంటినీ ఒకదానికెదురు ఒకటి నిలబెట్టాడు: నవ్వు కండరాలు బయటికి లాగుతుంటే మూతి ముడిచే కండరాలు లోపలికి లాగాలి, ఆ పోటీలో ఎవరూ గెలవకూడదు. చెంపలోపల ఈ లాగులాటలో పాల్గొనే కండరానికి వైద్యులు పెట్టిన పేరు బక్సినేటర్. లాటిన్‌లో దానికి అర్థం బాకా ఊదేవాడు. మనందరి బుగ్గల్లోనూ ఒక బాకావాడు కూర్చుని ఉన్నాడన్నమాట. మనలో చాలామందికి అతనితో పని పడేది మెతుకులు నమిలేటప్పుడే.

మౌత్‌పీస్ ఎక్కడ ఆనాలన్నదాని మీద మాత్రం పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. ట్రంపెట్ నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ముందుపెట్టుకు కూర్చునే పాఠ్యగ్రంథం పారిస్‌లో అర్బాన్ 1864లో వేసింది. కింది పెదవి మీద రెండు వంతులు, పై పెదవి మీద ఒక వంతు అన్నాడాయన. హార్న్ వాళ్లు సరిగ్గా తిరగేసి చెప్తారు. మధ్యన సగం సగం అనేవాళ్లున్నారు. ఇక గాలి మౌత్‌పీస్‌లోకి సూటిగా పోవాలని ఫార్కస్ మొదట రాశాడు. 1970లో 40 మంది గొప్ప హార్న్ వాద్యకారుల పెదవుల ఫొటోలు తీసి పుస్తకం వేస్తే, దాదాపు అందరూ గాలిని కిందికి వాలుగా వదులుతున్నట్టు తేలింది. తన మాట తానే దిద్దుకున్నాడు. నాకు ఆయన మొదటి పుస్తకం కంటే ఈ దిద్దుబాటు మీద గౌరవం ఎక్కువ. పళ్ల వరస, దవడ, పెదవి మందం మనిషి మనిషికీ వేరు. ఎవడి ముద్ర వాడే వెతుక్కోవాలి. మాస్టర్‌జీ ముద్ర కొంచెం ఎడమకి ఉంటుంది. అర్బాన్ చూస్తే మందలించేవాడేమో.

కంటికి కనబడని పని ఒకటి లోపల జరుగుతుంది. కింది స్వరానికి నాలుక 'ఆ' అన్నట్టు పడుకుని ఉంటుంది, పైస్వరానికి 'ఈ' అన్నట్టు వీపు లేపుతుంది. దారి ఇరుకై గాలి జోరందుకుంటుంది, మొక్కలకు నీళ్లు పెట్టే పైపు మూతి దగ్గర బొటనవేలు అడ్డం పెట్టినట్టు. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ హార్న్ విద్వాంసురాలు సారా విల్లిస్ ఎమ్మారై యంత్రంలో పడుకుని ఊదిన వీడియో ఒకటుంది. నోట్లో నాలుక చేపలా ఎగిసిపడుతూ కనిపిస్తుంది. బయట ముఖం నిశ్చలం, లోపల అంత హడావుడి.

ఇవన్నీ చదువుతున్నప్పుడు నాకు మాటిమాటికీ మన నాదస్వరం తలపుకొచ్చేది. దానికి ఏడు వేలి రంధ్రాలు. మీటలు లేవు, పిస్టన్లు లేవు. ఏడు రంధ్రాలతో పన్నెండు స్వరస్థానాలు, వాటి మధ్య గమకాలు ఎలా వస్తాయి? పీక మీద పెదవి ఒత్తిడి, ఊపిరి బలం మార్చడంతో. ఒకే వేలిపట్టు మీద స్వరం పైకి జారుతుంది, కిందికి ఒదుగుతుంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చినమౌలానా గారి ఆలాపన వినండి. తోడి అందుకున్నారంటే గాంధారం దగ్గర ఆ కంపనం వేలిదా, పెదవిదా అని విడదీయడం నావల్ల కాలేదు. పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా ఆ పని చేసిన కుటుంబాల చేతుల్లో, కాదు, మూతుల్లో ఎంత విద్య ఉందో మనం రాసిపెట్టుకున్నది తక్కువ. ఎత్తిపొడుపులకి సన్నాయి నొక్కులని పేరు పెట్టుకున్న జాతి మనది. నొక్కు ఎంతలో ఉంటే రక్తి, ఎంత దాటితే నొప్పి అన్నది తెలిసినవాళ్లం.

ఇప్పుడు 1865 దగ్గర కాపురం పెట్టిన మనిషి సంగతి. పేరు మేనార్డ్ ఫెర్గూసన్. 1928లో కెనడాలో మాంట్రియల్ పక్కన వెర్డన్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు చర్చిలో కార్నెట్ విని అది కావాలని మారాం చేశాడు. పదమూడో ఏట రేడియో ఆర్కెస్ట్రాతో సోలో వాయించాడు. 1950లో స్టాన్ కెంటన్ జాజ్ బృందంలో చేరాక, అమెరికాలో ట్రంపెట్ పట్టిన ప్రతి కుర్రాడూ అంత పైకి ఎక్కాలని పెదవులు చీల్చుకున్నాడు. 1953 నుంచి మూడేళ్లు పారమౌంట్ స్టూడియోలో వాద్యకారుడు. 'ది టెన్ కమాండ్‌మెంట్స్' చూసిన మనవాళ్లంతా తెలియకుండానే ఆయన ఊపిరి విన్నవాళ్లే.

ఇంతవరకూ ఎక్కడో అమెరికా గొడవ. కానీ 1967లో మాంట్రియల్ ఎక్స్‌పోలో ఆ వేసవంతా వాయించి, ఆయన పెళ్లాం పిల్లలతో ఎక్కడికి వచ్చాడో తెలుసా? మదనపల్లె దగ్గర రిషి వ్యాలీకి. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన బడికి, పిల్లలకు సంగీతం చెప్పడానికి. తర్వాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థలోనూ పాఠాలు చెప్పాడు. ప్రపంచంలో ఏ కొద్దిమందో చేరిన ఎత్తులో వాయించే ట్రంపెట్ పెదవి కొంతకాలం చిత్తూరు జిల్లా గాలి పీల్చింది. 1969 నాటికి ఇంగ్లండ్ చేరి బృందం కట్టుకున్నాడు. 1970లో వచ్చిన 'ఎం.ఎఫ్. హార్న్' రికార్డులో ఒక పాట పేరు 'చల నాట'. మన 36వ మేళకర్త. షట్‌శ్రుతి రిషభం, షట్‌శ్రుతి ధైవతం ఉన్న జటిలమైన రాగం. జాజ్ రికార్డు అట్ట మీద ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

అదే రికార్డులోని 'మెకార్థర్ పార్క్' నేను మూతికట్టు పాఠంగా వింటాను. మొదట మధ్యస్థాయిలో పాట నెమ్మదిగా చెప్తాడు. ఆ స్వరాలు చూడండి, ప్రతిదానికీ నడుము ఉంది. చివర ఎక్కుతాడు. సాధారణంగా ట్రంపెట్ పైకి పోయేకొద్దీ స్వరం సూదిమొనలా సన్నబడుతుంది, చెవిని పొడుస్తుంది. ఈయనది సన్నబడదు. కింద ఎంత లావుందో పైన దాదాపు అంతే లావు. అదీ పనితనం. బలంతో పైకి నెట్టేవాడి పైస్వరం పిడికిలిలో నలిగిన పువ్వులా వస్తుంది. పెదవి మధ్యభాగం స్వేచ్ఛగా కొట్టుకుంటేనే, దాన్ని కదిపే గాలి చాలినంత ఉంటేనే ఆ నిండుతనం. గాలి గురించి ఆయన చెప్పింది యోగ పాఠమే. ముందు పొట్ట నిండాలి, తర్వాత పక్కటెముకలు, చివరికి ఛాతీ పైభాగం. కుండలో నీళ్లు పోస్తే అడుగునుంచే నిండుతుంది కదా. ప్రాణాయామం తెలిసిన ఏ తాతగారైనా ఇది చెప్తారు, కాకపోతే వాళ్లు ఆ గాలితో ట్రంపెట్ ఊదలేదు.

ఇంకో విశేషం. ఒకే కచేరీలో ట్రంపెట్ కింద పెట్టి ట్రాంబోన్ అందుకునేవాడు. దాని మౌత్‌పీస్ చాలా పెద్దది. పెదవుల అమరిక పూర్తిగా మారాలి. రెండూ వాయిస్తే రెండూ చెడతాయని గురువులందరూ హెచ్చరిస్తారు. ఈయనకి అదొక విశ్రాంతిలా ఉండేది.

అలాగని ఆయన చేసిందంతా మెచ్చుకోను. పాట అడగని చోట కూడా పైకి ఎక్కేస్తాడు. జనం చప్పట్లు ఆ ఎత్తుకే అని ఆయనకి తెలుసు. 1977లో 'రాకీ' సినిమా పాట 'గొన్నా ఫ్లై నౌ' వాయించి అమెరికా పాపులర్ చార్టుల్లోకి వచ్చాడు. నా చెవికి అందులో సంగీతం కంటే సర్కస్ పాలు ఎక్కువ. విమర్శకులు అన్న మాటల్లో సగం నిజమే. కానీ ఆ సర్కస్‌లో తాడు మీద నడిచేవాడి పాదం ఎక్కడ ఆనుతోందో చూసేవాడికి విమర్శ గుర్తుండదు.

పెదవి తీసుకునే బాకీ కూడా పెద్దదే. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తొలినాళ్లలో అదిమి అదిమి వాయించాడు, 1930ల్లో పెదవి చిట్లి నెలలపాటు ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇత్తడి వాద్యకారుల పెదవి చుట్టూ ఉండే కండరం తెగడాన్ని వైద్యులు 1982 నుంచి ఆయన ముద్దుపేరుతోనే సాచ్‌మో సిండ్రోమ్ అంటున్నారు. ఆయన గురువు కింగ్ ఆలివర్‌కి చిగుళ్ల జబ్బుతో పళ్లు ఊడి, వాయించడమే ఆగిపోయింది. ముందు పళ్లు లేకపోతే మౌత్‌పీస్ ఆనడానికి గోడ ఉండదు. నియమం అన్నది ఎవరి దగ్గరా పూర్తిగా నిలవదనుకోండి. బుగ్గలు ఉబ్బించకూడదని పాఠం, డిజ్జీ గిలెస్పీ బుగ్గలు కప్పలా ఉబ్బించే శిఖరాలెక్కాడు. ఆ దారిలో పోయి చెడినవాళ్ల ఫొటోలు ఎవరూ అచ్చువేయరు.

మాస్టర్‌జీకి ఈ పేర్లేవీ తెలియవు. సీజన్‌లో ఒక్కోరాత్రి రెండు బారాత్‌లు. డిసెంబరు చలిలో ఇత్తడి చల్లబడితే శ్రుతి దిగుతుందని, పాటకీ పాటకీ మధ్య మౌత్‌పీస్ ఊడదీసి చంకలో పెట్టుకుంటాడు. పెదవుల మీద నెయ్యి రాసుకుంటాడు. సీతాఫలం తినడు, గింజ కొరికితే పన్ను కదులుతుందని భయం. అడిగితే చిన్నప్పుడు ఉస్తాద్ చెప్పాడంటాడు. బారాత్ చివర పెళ్లివారి గుమ్మం ముందు ఆయనొక స్వరం ఎత్తుతాడు, ఎప్పుడూ అదే. ఫోన్‌లో శ్రుతి చూసే యాప్‌తో కొలిచాను. 932.

నేను మూడున్నరేళ్ల సాధనలో 698 దగ్గర ఆగాను. ట్రంపెట్ ఇంకా అరచేతిలోనే పెట్టుకుని మొదలుపెడతాను.

ఈ వ్యాసం చదివేవాళ్లలో 1960ల చివర రిషి వ్యాలీలో చదువుకున్నవాళ్లు ఉంటే ఒక మనవి. మీకు ఇప్పుడు డెబ్బై చుట్టుపక్కల ఉంటుంది. ఆ కెనడా ఆయన మీ క్లాసులో ట్రంపెట్ ఎత్తినప్పుడు మూతి ఎలా పెట్టాడో, మీకు ఏం చెప్పాడో, మీలో ఎవరి చేతికైనా వాద్యం ఇచ్చి ఊదించాడో గుర్తున్నంత మేర ఒక్క పేజీ అయినా రాసి పెట్టండి.